ఫోను చూస్తే పడిపోయిన చెయ్యి లేస్తుందా?

"డాక్టరు గారూ! మా మామగారికి 58 ఏళ్ళు. పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణం ముందు కుట్టుమిషను పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు దర్జీపని చేశారు. మూడు నెలల క్రితం ఒకరోజు పొద్దున్నే చేతిలోని చాయ్ గ్లాసు జారిపోయింది. మూతి ఒక పక్కకి పోయింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఆస్పత్రిలో పన్నెండు రోజులుంచి పంపించారు. రోజూ వచ్చి వ్యాయామం చేయించుకోమన్నారు. మేముండేది రెండో అంతస్తు. మెట్లు ఇరుకు. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు పట్టుకుని దించాలి. మా గల్లీలోకి ఆటో రాదు. నెలరోజులు తిప్పాం. మా ఆయనది రోజుకూలీ. పనికి పోని రోజు పైసా రాదు. అందుకని మానేశాం. ఇప్పుడు దుబాయిలో ఉన్న మా మరిది ఫోనులో ఏదో యాప్ పెట్టించాడు. వ్యాయామాల వీడియోలు వస్తాయి. ఎదురుగా పెడితే మామగారు రెండు నిమిషాలు చూసి గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. చేతికి తగిలించే మిషను ఒకటి ఉందిట, అది కొంటే నయమవుతుందని ఇంకెవరో చెప్పారు. నా గాజులు అమ్మి కొనమంటారా? ఎలాగూ పనికిరాదు కదా, కుట్టుమిషను కూడా అమ్మేద్దామని మా ఆయన అంటున్నారు."

గౌలిపురా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరమిది. పేరు ప్రచురించవద్దన్నారు. పేరు మార్చి, గల్లీ మార్చి ఇలాంటి ఉత్తరం లాల్‌దర్వాజా నుంచీ, యాకుత్‌పురా నుంచీ, శాలిబండ నుంచీ కూడా రావచ్చు. పాతబస్తీలో పక్షవాతం వచ్చిన మనిషికీ, వ్యాయామం చేయించే మనిషికీ మధ్య ఉన్న అడ్డు చాలాసార్లు మందు కాదు, మెట్లు. అందుకే ఈ వారం ఈ ఒక్క ఉత్తరానికే జవాబు రాస్తున్నాను.

ముందు అసలు జబ్బు సంగతి చూద్దాం. పక్షం అంటే ఒక పక్క. శరీరంలో ఒక పక్క పడిపోతుంది కనుక మనవాళ్ళు పక్షవాతం అన్నారు. పాతబస్తీలో దీన్నే ఫాలిజ్ అంటారు. మూతి ఒక్కటే వంకరపోతే లఖ్వా అంటారు. ఈ రెండూ ఒకటి కావు. లఖ్వాలో సాధారణంగా దెబ్బతినేది ముఖానికి వెళ్ళే నరం. పక్షవాతంలో దెబ్బతినేది మెదడు. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, ఆ నాళం చిట్లినా, ఆ భాగానికి రక్తం అందక అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఎడమవైపు మెదడు దెబ్బతింటే కుడిపక్క పడిపోతుంది. మాట కూడా పోవచ్చు, ఎందుకంటే ఎక్కువమందిలో మాటకు సంబంధించిన భాగం ఎడమవైపునే ఉంటుంది. అయితే ఇది లఖ్వానా ఫాలిజా అని ఇంట్లో కూర్చుని తేల్చుకునే ప్రయత్నం మాత్రం చేయకండి. మూతి వంకరపోతే ఆస్పత్రికి పరుగెత్తడమే.

మీ మామగారి చెయ్యి పాడైపోలేదమ్మా. చేతిలో కండరాలున్నాయి, నరాలున్నాయి. వాటికి "కదులు" అని ఆజ్ఞ ఇచ్చే మెదడు భాగం పాడైంది. చచ్చిపోయిన కణాలు మళ్ళీ పుట్టవు. కానీ వాటి పక్కనున్న కణాలు ఆ పనిని కొంతవరకు నేర్చుకోగలవు. కొత్తగా దుకాణంలో చేరిన కుర్రాడు కాజా కుట్టడం నేర్చుకున్నట్టే. మొదటిరోజు వంకరటింకరగా వస్తుంది. వందోసారి కుట్టేసరికి చెయ్యి తిరుగుతుంది. మెదడుకు కూడా ఆ వందసార్లు కావాలి. నిజానికి వంద చాలవు, వేలు కావాలి. మొదటి మూడు నెలల్లో ఈ నేర్చుకోవడం చురుగ్గా సాగుతుంది. తరువాత నెమ్మదిస్తుంది. కానీ ఆగిపోదు. "మూడు నెలలు దాటింది, ఇక ఆశ లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. అమెరికాలో కేథరిన్ లాంగ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఆస్పత్రుల్లోని వ్యాయామశాలల్లో కూర్చుని, పక్షవాతం రోగులు ఒక్కో విడతలో పడిపోయిన చేతితో ఎన్నిసార్లు పనికొచ్చే కదలిక చేస్తున్నారో లెక్కపెట్టారు. 2009లో ఆ లెక్క ప్రచురించారు. సగటున 32 సార్లు! అక్కడి పెద్ద ఆస్పత్రుల్లోనే అంతంతమాత్రం. జంతువుల మీద జరిగిన ప్రయోగాల్లో మెదడులో మార్పు కనిపించాలంటే రోజుకు కొన్ని వందలసార్లు చేయించవలసి వచ్చింది. కనుక రోజూ ఆటోలో తీసుకెళ్ళిన నెలలోనైనా అక్కడ జరిగినది కొద్దిపాటి అభ్యాసమే. మిగతా అభ్యాసమంతా ఇంట్లోనే జరగాలి. అది చేయించడానికి ఫోను పనికొస్తుందా అన్నదే మీ ప్రశ్న.

ఆటమిషనుకీ పేకముక్కలకీ పోటీ

మిషన్ల సంగతి ముందు తేలుద్దాం. చేతిని తగిలించుకుని బొమ్మల ఆట ఆడుతూ వ్యాయామం చేసే పరికరాలు నిజంగానే ఉన్నాయి. మన ఐఐటీ హైదరాబాద్‌లో పెరిగిన బీఏబుల్ హెల్త్ అనే సంస్థ ఆర్మ్‌ఏబుల్ అనే పరికరాన్ని తయారుచేసింది. ఎదురుగా తెరమీద ఆట, కింద బల్లమీద చెయ్యి. రోగికి విసుగు రాకుండా పదేపదే చెయ్యి కదిలించడం దాని ఉద్దేశం. ఆలోచన మంచిదే. ఒక ఫిజియోథెరపీ విభాగంలో ఇలాంటిది ఉంటే రోజూ ఎంతోమందికి ఉపయోగపడుతుంది. కానీ ఒక్క మనిషి కోసం ఇంటికి కొనవలసిన వస్తువు కాదు.

ఎందుకంటున్నానో వినండి. కెనడాలో సపోస్నిక్ అనే డాక్టరు ఆధ్వర్యంలో నాలుగు దేశాల్లో 141 మంది రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు చేతిలో పట్టుకుని ఊపుతూ ఆడే వీడియో ఆటమిషనుతో వ్యాయామం చేసింది. రెండో జట్టు పేకాట, బంతాట లాంటి మామూలు ఆటలు ఆడింది. ఇద్దరికీ అంతే సమయం. 2016లో ఫలితం ప్రకటించారు. చేతి పనితనంలో రెండు జట్లకీ తేడా లేదు. ఇద్దరూ బాగుపడ్డారు! మరి రోబో? బ్రిటన్‌లో 770 మంది మీద పెద్ద పరీక్ష జరిగింది. వారానికి మూడుసార్లు చొప్పున పన్నెండు వారాలు రోబోతో చెయ్యి ఆడించారు. 2019లో ఫలితం వచ్చింది. మామూలు చికిత్సలో ఉన్నవారికంటే రోబో జట్టువారి చేతి పనితనం అదనంగా మెరుగుపడలేదు.

మిషన్లు దండగ అని నా భావం కాదు. మెదడు చూసేది మిషను ఖరీదును కాదు, మీరు ఎన్నిసార్లు, ఎంత మనసుపెట్టి ప్రయత్నించారన్నదే. కాబట్టి మీ గాజులు చేతికే ఉంచుకోండి.

మరి ఫోను?

ఫోను విషయంలో ఫలితం వేరు. ఇది జాగ్రత్తగా చదవండి.

అమెరికాలో స్టీవెన్ క్రేమర్ అనే నరాల వైద్యుడు, ఆయన బృందం 124 మంది రోగులను తీసుకున్నారు. సగంమంది ఆస్పత్రికి వచ్చి వ్యాయామం చేశారు. మిగతా సగంమంది ఇంట్లోనే, కంప్యూటరు తెర ముందు చేశారు. ఇద్దరికీ 36 విడతలు, ఒక్కోటి 70 నిమిషాలు. 2019లో ఫలితం వచ్చింది. ఇంట్లో చేసినవారు ఆస్పత్రికి వచ్చినవారికి ఏమాత్రం తీసిపోలేదు. అయితే అసలు కిటుకు ఒకటుంది. ఆ 36 విడతల్లో సగం విడతలకు తెర అవతల ఒక థెరపిస్టు ప్రత్యక్షంగా కూర్చుని చూస్తూ, దిద్దుతూ ఉన్నారు. మిగతావి రోగి సొంతంగా చేశారు.

ఇప్పుడు మనదేశంలో జరిగినదీ చూడండి. అటెండ్ అనే పేరుతో 14 ఆస్పత్రుల్లో 1250 మంది రోగుల మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. ఇంటివాళ్ళకే వ్యాయామం చేయించడం నేర్పి పంపారు. మన కుటుంబాల్లో చేసే చేతులు చాలా ఉన్నాయి కదా, థెరపిస్టుల కొరత తీరుతుందని ఆశ. 2017లో ఫలితం వచ్చేసరికి చాలామందికి మనసు చివుక్కుమంది. ఆరు నెలల తరువాత మరణించినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి ఈ జట్టులో 47 శాతం, మామూలు చికిత్స జట్టులోనూ 47 శాతమే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైనది ఇది. ఒకసారి నేర్పి వదిలేస్తే ఇంటివాళ్ళ ప్రేమ ఒక్కటే సరిపోదు. మధ్యమధ్య తెలిసిన కన్ను ఒకటి చూస్తూ, "అలా కాదు, భుజం ఎత్తేస్తున్నారు, మోచెయ్యి చాపండి, ఇవాళ్టి నుంచి గ్లాసు కొంచెం దూరం జరపండి" అని చెబుతూ ఉండాలి. ఆ కన్నును మీ రెండో అంతస్తుకు మోసుకురావడం ఫోను చేయగల మేలు. వీడియోలు చూపించడం చిన్న మేలు. మీ మరిది మంచి మనసుతో చిన్న మేలు చేశాడు, పెద్దదాన్ని వదిలేశాడు.

వీడియోల విషయంలో కూడా మన హైదరాబాదుకు ఒక అనుభవం ఉంది. ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో సురేష్‌కుమార్ కమలకన్నన్, ఆయన సహచరులు లండన్ విద్యాసంస్థతో కలిసి 'కేర్ ఫర్ స్ట్రోక్' అనే ఫోను కార్యక్రమాన్ని తయారుచేశారు. పక్షవాతం అంటే ఏమిటి, ఇంట్లో ఏ వ్యాయామం చేయాలి, బట్టలు ఎలా వేసుకోవాలి, చేతికర్ర ఎలా పట్టుకోవాలి, అన్నీ అందులో పెట్టారు. చెన్నైలో 30 మంది రోగులకిచ్చి చూస్తే ఏం తేలిందో తెలుసా? నెట్ సరిగా అందదు, వీడియో మధ్యలో ఆగిపోతుంది, బొమ్మ స్పష్టంగా లేదు. లోపాలు సరిదిద్ది మరో 30 మందితో మళ్ళీ పరీక్షించారు. 2016లో ఈ సంగతులన్నీ దాచకుండా ప్రచురించారు. దాచకపోవడమే నాకు నచ్చింది. చదువుకున్న నిపుణులు రోగుల కోసం చేసిన దానికే అన్ని చిక్కులొస్తే, దుకాణంలో సరుకులా ఫోనులో దొరికే ప్రతి యాప్‌నూ నమ్మి ఎలా కూర్చుంటాం?

కొత్తదాన్ని లెక్కపెట్టి పరీక్షించడం మన ఊరికి కొత్త కాదు లెండి. నయాపూల్ దాటగానే ఉన్న అఫ్జల్‌గంజ్‌లో, 1908 వరదకు ముందు నాటి పాత ఆస్పత్రిలో, 1888లోనూ 1889లోనూ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫారం మత్తుమందు మీద పరిశీలన సంఘాలు కూర్చున్నాయి. జంతువుల మీద వందలాది ప్రయోగాలు చేశారు. ఆ మందు గుండెకు నేరుగా హాని చేయదని తేల్చారు. అది పొరపాటని తరువాతి కాలం తేల్చింది! అన్ని ప్రయోగాల తరువాత కూడా పొరపాటు జరగవచ్చు. ఒక్క ప్రయోగమూ లేని మిషను మాట చెప్పాలా?

గల్లీ ఇంట్లో ఎలా చేయాలి?

మీరు మొదట నెలరోజులు తిప్పిన ఆస్పత్రి ఫిజియోథెరపీ విభాగానికి మీ ఆయన్ని ఒక్కరినే పంపండి. మెట్లు దిగలేని సంగతి చెప్పి, వారానికి రెండుసార్లు వీడియోకాల్‌లో చూడగలరా అని అడగమనండి. అక్కడ కుదరకపోతే, ఫిజియోథెరపీలో డిగ్రీ ఉన్నవారు ఎవరైనా సరే, అర్హత అడిగి తెలుసుకుని మాట్లాడుకోండి. ఒక షరతు. మొదటిసారి ఆ మనిషి ఇంటికొచ్చి, లేదా మీ మామగారే వెళ్ళి, ముఖాముఖి చూపించుకోవాలి. కండరం ఎంత బిగుసుకుందో, భుజం కీలు జారిందో లేదో చేత్తో పట్టుకుని చూడాలి. అది ఏ ఫోనూ చెప్పదు. తరువాత కూడా నెలకో, నెలన్నరకో ఒకసారి కుర్చీలో దించవలసిందే. రోజూ దించడం కంటే నయం కదా.

మందుల విషయంలో డాక్టరుతో మాట్లాడాలంటే ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. 2020లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో ఇంటినుంచే మాట్లాడే సదుపాయం అందులో మొదలైంది. అదే ఏడాది మార్చి 25న కేంద్రం దూరవైద్యానికి నియమాలు ప్రకటించింది. పాత చీటీలు దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

ఫోనును చేత్తో పట్టుకోకండి. రెండు స్టీలు డబ్బాలు ఒకదానిమీద ఒకటి పెట్టి ఆనించండి. కిటికీ వెలుతురు ఆయన ముఖం మీద పడాలి, వెనకనుంచి కాదు. మంచం మీద కాకుండా చేతులున్న గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి. తల నుంచి మోకాళ్ళ దాకా అవతలివాళ్ళకు కనిపించాలి. మీలో ఒకరు తప్పనిసరిగా ఆయన కుడిపక్కన నిలబడాలి. పడేది ఆ పక్కకే. కాల్ మొదలవగానే అవతలివాళ్ళకు మీ ఇంటి చిరునామా, ఇంకో ఫోను నంబరు చెప్పి ఉంచండి. మధ్యలో ఏదైనా జరిగితే వాళ్ళు ఎవరికి చెప్పాలి?

పాతబస్తీ ఇళ్ళలో ఇంకో ఇబ్బంది ఉంటుంది. రోగి ఆడమనిషైతే, మగ థెరపిస్టు ముందు, అందులోనూ తెరమీద, కాలు చాపి చూపించడానికి సిగ్గుపడతారు. దీన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. మహిళా థెరపిస్టు కావాలని మొదటే అడగండి. సల్వారో, పైజామానో వేసుకుంటే సరిపోతుంది. పిక్క కనిపించకపోయినా నడక తెలుస్తుంది. భాష కూడా ముందే అడగండి. ఉర్దూలో ఆలోచించే అమ్మమ్మకు తెలుగులో చెబితే, తెలుగు తాతకు ఇంగ్లీషులో చెబితే, దెబ్బతిన్న మెదడు మీద మరో బరువు పెట్టినట్టే. ఇక ఆ వీడియోలు బంధువుల గ్రూపులో పెట్టకండి. నోరు పక్కకు పోయి, లాలాజలం కారుతున్న తన బొమ్మను వియ్యంకులు చూడటం ఏ మనిషికి ఇష్టం?

ఇక లెక్క సంగతి. అడుగులు లెక్కపెట్టే చేతిపట్టీలు వస్తున్నాయి. మెల్లగా కాళ్ళీడ్చి నడిచే మనిషి అడుగులను అవి చాలావరకు వదిలేస్తాయి. వాటికి డబ్బు పెట్టకండి. తస్బీలు అమ్మే దుకాణాల్లో వేలికి తొడుక్కుని బటన్ నొక్కే చిన్న లెక్క పరికరం దొరుకుతుంది. నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది. నా దృష్టిలో పక్షవాతం ఇంటికి కావలసిన చవకైన డిజిటల్ పరికరం అదే. అది కూడా వద్దంటే 108 పూసల జపమాల ఉంది. పడిపోయిన చేతితో గ్లాసు తోసిన ప్రతిసారీ ఒక పూస. పొద్దున్న ఒక మాల, సాయంత్రం ఒక మాల. మొదటివారం సగం మాల చాలు. అలసిపోతే ఆపండి. గుండెలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరుకు చెప్పండి.

డబ్బు పెట్టి కొనవలసిన పరికరం ఒకటి మాత్రం ఉంది. రక్తపోటు చూసే మిషను. మణికట్టుకు కట్టేది కాదు, దండకు కట్టేది. పక్షవాతం ఒకసారి వచ్చినవారికి రెండోసారి వచ్చే ప్రమాదం ఎక్కువ. దానికి పెద్ద కారణం అదుపులో లేని రక్తపోటు. అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, బాగున్న చేతికి కట్టి, పొద్దునా సాయంత్రమూ చూసి కాగితం మీద రాయండి. సాధారణంగా 130/80 లోపు ఉండాలని వైద్యుల ఉద్దేశం. మీ మామగారికి ఎంత ఉండాలో మీ డాక్టరు చెప్పాలి. చెయ్యి లేస్తోంది కదా అని మాత్రలు మానేసేవారు, పావురం రక్తం రాస్తే చాలని మాత్రలు మానేసేవారు, ఇద్దరినీ చూశాను. రెండోసారి వచ్చినప్పుడు మొదటిసారి మిగిలింది కూడా పోతుంది.

మళ్ళీ అలా జరిగితే ఫోను చేయవలసిన మొదటి పని యాప్ తెరవడం కాదు, 108కి చేయడం. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఇందులో ఏది కనిపించినా సరే. ఆయన చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకోండి. రక్తపుగడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. అందరికీ పనికిరాదు, కానీ పనికొచ్చేవారికి ప్రతి నిమిషమూ విలువే. ఇరుకు మెట్లున్న ఇంట్లో ఎవరు తల పట్టుకోవాలి, ఎవరు కాళ్ళు పట్టుకోవాలి, గల్లీ చివర అంబులెన్సు దగ్గర ఎవరు నిలబడాలి అన్నది ఇవాళే మాట్లాడుకోండి.

గోడవైపు తిరిగిన మనిషి

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం మిషను గురించి కాదు. "గోడవైపు తిరిగి పడుకుంటున్నారు" అన్నారు. దీనికి మూడు కారణాలుండవచ్చు. ఒకటి, వీడియోలో చెప్పేది ఆయనకు అర్థం కాకపోవడం. మాట పోయినవారిలో కొందరికి ఎదుటివారి మాట అర్థం చేసుకునే శక్తి కూడా తగ్గుతుంది. రెండు, కనపడకపోవడం. ఎడమవైపు మెదడు దెబ్బతిన్నవారిలో కొందరికి కుడిపక్క చూపు పోతుంది. ఫోను ఆయనకు కుడిపక్కన పెడుతున్నారేమో చూడండి. ఎడమకు జరిపి చూడండి. మూడు, దిగులు. పక్షవాతం వచ్చిన ముగ్గురిలో ఒకరికి చికిత్స చేయవలసినంత మానసిక కుంగుబాటు వస్తుంది. అది మొండితనం కాదు, బద్ధకం కాదు. దానికి మందులున్నాయి. నిద్ర పట్టకపోవడం, అన్నం వద్దనడం, ఊరికే ఏడవడం ఉంటే తప్పకుండా డాక్టరుకు చెప్పండి. దిగులు తగ్గనిదే ఏ వ్యాయామమూ సాగదు.

ఇంకో మాట. ముప్ఫై ఏళ్ళు కత్తెర పట్టిన మనిషిని ఎవరో తెల్లచొక్కా వేసుకుని చెయ్యి పైకెత్తే వీడియో చూడమంటే ఎందుకు చూస్తారమ్మా? ఆయన ఎదుట ఒక పళ్ళెంలో చొక్కా గుండీలు పోయండి. చిన్నవీ పెద్దవీ వేరుచేయమనండి. ఎడమచేతిని మీరు మెల్లగా పట్టుకుని, కుడిచేత్తోనే చేయమనండి. వేళ్ళు అసలు కదలకపోతే, రెండు చేతులూ జోడించి బల్లమీద బట్టను ముందుకీ వెనక్కీ తోయమనండి, ఇస్త్రీ చేసినట్టు. జేబురుమాళ్ళు మడతపెట్టమనండి. వీడియోకాల్‌లో ఉన్న థెరపిస్టుకు ముందే చెప్పండి, "మా మామగారు దర్జీ" అని. మంచి థెరపిస్టు ఆ ఒక్క ముక్క పట్టుకుని నెలరోజుల వ్యాయామం తయారుచేస్తారు. కుడిచెయ్యి పట్టుకుని లాగి మాత్రం లేపకండి. భుజం కీలు జారుతుంది. ఆ నొప్పి మొదలైతే మనిషి చెయ్యి ముట్టుకోనివ్వరు.

ఇక కుట్టుమిషను. అది కాలితో తొక్కేదైతే అమ్మకండి. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో ఆక్యుపేషనల్ థెరపీ చేసేవారు కాలితో తొక్కే రంపాలనూ, మగ్గాలనూ రోగుల చేత ఆడించేవారు. మీ ఇంట్లో ఆ పరికరం ముప్ఫై ఏళ్ళుగా ఉంది. సూది తీసేయండి. చక్రానికున్న బెల్టు తప్పించండి. వీపుకు ఆనిక ఉన్న కుర్చీ వేసి, థెరపిస్టు చూసి సరేనన్నాక, కుడిపాదం పెడల్ మీద పెట్టించండి. జారిపోతుంటే మెత్తటి గుడ్డతో వదులుగా కట్టండి. మొదట ఎడమకాలు తొక్కుతుంది, కుడికాలు ఊరికే వెంట వెళుతుంది. వెళ్ళనివ్వండి. ఆ చప్పుడు ఆయన చెవిలో పడాలి.

మీ జవాబులో మూడు సంగతులు రాయండి. వారంరోజుల రక్తపోటు అంకెలు, ఆయన మాట ఎంతవరకు వచ్చింది, మంచానికి గోడ ఏ పక్కన ఉంది. గోడ ఎడమపక్కన ఉంటే మంచం తిప్పి వేయండి. బాగున్న చూపు గోడకేసి పెట్టి, గుమ్మంలోంచి వచ్చేవాళ్ళు ఒక్కరూ కనిపించకుండా ఆయన్ని పడుకోబెట్టారేమో!